కెమెరా కింద పడిందా? ముందు ఆ పవర్ బటన్ మీద నుంచి వేలు తియ్యండి: తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే, సంక్రాంతికి అందరూ ఊళ్లు చేరారంటే చాలు, "అన్నా కెమెరా కింద పడింది, ఇప్పుడేం చెయ్యాలి" అని మెసేజ్‌లు మొదలవుతాయి. అడిగే మనుషులు వేరు గానీ ప్రశ్నలు మాత్రం ఇంచుమించు అవే, అందుకే అన్నీ ఒక్కచోట రాస్తున్నా. నేను గట్టిగా నమ్మేది ఒకటుంది, కింద పడ్డప్పుడు తగిలే దెబ్బ ఒకటైతే, పడ్డాక మనం కంగారులో చేసే పాడు ఇంకోటి. మొదటిదాన్ని ఎలాగూ వెనక్కి తీసుకోలేం, రెండోది మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది.

ఇప్పుడే పడింది. ముందు ఏం చెయ్యాలి?

ఆన్ చేసి చూడకండి. అందరూ చేసే మొదటి పని అదే, పనిచేస్తుందో లేదో అని ఆత్రం కదా, కానీ లోపల ఏదన్నా పక్కకి జరిగినా, విరిగిన ప్లాస్టిక్ ముక్క షట్టర్ దగ్గర పడి ఉన్నా, మీరు ఆన్ చెయ్యగానే మోటార్లు తిరుగుతాయి, షట్టర్ కదులుతుంది, చిన్న రిపేరుతో పోయేది పెద్ద రిపేరు అవుతుంది. పడేసరికి ఆన్‌లోనే ఉంటే ఆఫ్ చెయ్యండి. తర్వాత బ్యాటరీ తీసెయ్యండి, మెమరీ కార్డు తీసి జేబులో కాదు కార్డు డబ్బాలోనో పర్సులోనో పెట్టుకోండి.

ఇప్పుడు వెలుతురున్న చోట కూర్చుని, ఒళ్లో తువ్వాలు పరుచుకుని కెమెరాని మెల్లగా తిప్పుతూ చూడండి. ఏ మూల మీద పడిందో గీత చెప్పేస్తుంది. లెన్స్ ముందు అంచు మీద పడితే ఒక రకం, బాడీ అడుగు మీద పడితే ఒక రకం, ఫ్లాష్ తగిలించి ఉండగా తలకిందులుగా పడితే ఇంకో రకం. లెన్స్‌కీ బాడీకీ మధ్య సందు అన్ని వైపులా సమానంగా ఉందా చూడండి, ఒకవైపు గోరు దూరేంత కనిపిస్తే లెన్స్‌ని బలవంతంగా తిప్పి తియ్యకండి, అలాగే వదిలేసి షాపుకి తీసుకెళ్లండి. బ్యాటరీ సొట్టపోయినా, ఉబ్బినా, అది లిథియం బ్యాటరీ, మళ్లీ ఛార్జింగ్ పెట్టొద్దు, కెమెరాలో వెయ్యొద్దు, దానికి డబ్బులు చూసుకోవద్దు.

ఇవన్నీ చూశాక, ఏదీ వంకరపోలేదు, విరగలేదు, తడి లేదు అనుకుంటేనే బ్యాటరీ వేసి ఆన్ చెయ్యండి.

పైకి బాగానే ఉంది, ఆన్ కూడా అయింది. లోపల దెబ్బ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

దీనికి కొంచెం ఓపిక కావాలి, కానీ ఇంట్లోనే తేల్చుకోవచ్చు. చాలామంది స్క్రీన్ మీద రెండు ఫోటోలు చూసి "బాగానే ఉంది" అనుకుని వదిలేస్తారు, మూడు నెలల తర్వాత ఎవరి రిసెప్షన్‌లోనో ఒక పక్క మొహాలన్నీ మసకగా వచ్చాయని తెలుస్తుంది.

గోడకి ఒక న్యూస్‌పేపర్ పూర్తిగా విప్పి అంటించండి. కెమెరాని ట్రైపాడ్ మీద గోడకి ఎదురుగా, వంకర లేకుండా పెట్టి, ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎంత తెరుచుకుంటే అంత తెరిచి, టైమర్ పెట్టి ఫోటో తియ్యండి. కంప్యూటర్‌లో పెద్దది చేసి నాలుగు మూలలూ చూడండి. ఏ లెన్స్‌కైనా మూలలు నడిమి కన్నా కొంచెం మెత్తగా ఉంటాయి, అది మామూలే. కానీ మూడు మూలల్లో అక్షరాలు చదవగలిగి నాలుగో మూల అలికినట్టు ఉంటే, లెన్స్ లోపల ఒక గాజు పక్కకి జరిగిందేమో అని అనుమానించాలి. నిర్ధారణకి కెమెరాని తలకిందులు చేసి మళ్లీ తియ్యండి. మసక ఫ్రేములో అదే మూలలో ఉంటే తప్పు కెమెరాదో లెన్స్‌దో, ఫ్రేములో ఎదుటి మూలకి మారితే మీరు గోడకి సరిగ్గా పెట్టలేదన్నమాట. ఇంకో లెన్స్ వేసినా అదే మూల మసకగా వస్తే అప్పుడు లెన్స్ కాదు, బాడీలో మౌంటో (లెన్స్ తగిలించే రింగు) సెన్సారో (ఫోటో పడే చిప్) వంగింది.

తర్వాత దూరంగా ఉన్న సెల్ టవర్ మీదో కొండ మీదో ఫోకస్ చెయ్యండి. దగ్గరవి బాగా వచ్చి దూరంవి ఎంత తిప్పినా పదునుగా రాకపోతే లెన్స్ లోపలో మౌంట్ దగ్గరో దెబ్బ ఉందని అనుమానించాలి.

షట్టర్ సంగతి చూడాలంటే ఎండలో తేటగా ఉన్న ఆకాశాన్ని 1/4000 షట్టర్ స్పీడులో (అంటే సెకనులో నాలుగువేలో వంతు) తియ్యండి. ఒక పక్క నల్లటి పట్టీ లాగా వస్తే షట్టర్ రెక్కలు సరిగ్గా కదలట్లేదు. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) అయితే మెకానికల్ షట్టర్ ఎంచుకుని తియ్యండి, ఎలక్ట్రానిక్‌లో తీస్తే ఈ తేడా బయటపడదు.

డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) వాళ్లకి ఇంకో పరీక్ష. ఒకే వస్తువుని కంటితో వ్యూఫైండర్‌లో చూస్తూ ఒకటి, వెనక స్క్రీన్‌లో చూస్తూ (దీన్నే లైవ్ వ్యూ అంటారు) ఒకటి తియ్యండి. లైవ్ వ్యూలో పదునుగా వచ్చి వ్యూఫైండర్‌తో తీసింది ప్రతిసారీ మసకగా వస్తే లెన్స్‌ని అనుమానించకండి. ఫోకస్ చూసే సెన్సారు ఆ కెమెరాల్లో అద్దం పెట్టె అడుగున ఉంటుంది, అద్దం ఇసుమంత జరిగినా లెక్క తప్పుతుంది. ఇది సర్వీసులో సరిచేస్తారు.

ఊపితే లోపల టక్ టక్ మని శబ్దం వస్తోంది. విరిగినట్టేనా?

భయపడకండి. పడకముందు కూడా ఆ శబ్దం ఉండే ఉంటుంది, మీరు ఎప్పుడూ ఊపి చూసి ఉండరు. బాడీలోనే స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సర్దే ఏర్పాటు) ఉన్న చాలా మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఆఫ్ చేస్తే సెన్సారు వదులుగా ఉంటుంది, కదిపితే తగిలి చప్పుడు చేస్తుంది, ఆన్ చెయ్యగానే ఆగిపోతుంది. స్టెబిలైజేషన్ ఉన్న లెన్స్‌లు కూడా అంతే. అదే మోడల్ వాడే స్నేహితుడు ఉంటే అతని కెమెరా పక్కన పెట్టుకుని పోల్చి చూడండి. గరగరమని ఇసుక దొర్లినట్టు వచ్చినా, ఒక చిన్న స్క్రూ అటూ ఇటూ పరిగెడుతున్నట్టు వచ్చినా మాత్రం ఆన్ చెయ్యకుండా చూపించండి.

లెన్స్ ముందు బిగించిన ఫిల్టర్ గాజు పగిలిపోయింది, రింగ్ కూడా ఇరుక్కుపోయింది. ఎలా తియ్యాలి?

గుడ్డ పెట్టి తుడవకండి. ఆ గాజు పొడి కింద లెన్స్ ఉంది, ఒక్కసారి రుద్దారంటే పడ్డప్పుడు రాని గీతలు తుడిచినప్పుడు వస్తాయి. లెన్స్‌ని నేల వైపుకి వంచి పట్టుకుని, రబ్బరు బ్లోయర్‌తో (నొక్కితే గాలి వచ్చే బుడగ) కొట్టండి, ముక్కలు వాటంతటవే రాలతాయి. నోటితో ఊదొద్దు, ఉమ్మి తుంపర్లు పడతాయి.

రింగ్ కోసం వంటింట్లో గిన్నెలు తోముకునే రబ్బరు గ్లౌజు వేసుకుని, గట్టిగా నొక్కకుండా అరచేతితో సమానంగా పట్టుకుని తిప్పండి. గట్టిగా నొక్కితే రింగ్ కోడిగుడ్డు ఆకారానికి వచ్చి ఇంకా బిగుసుకుంటుంది. కొంచెం సొట్ట ఉంటే షాపుల్లో సొట్ట తీసే చిన్న బిగింపు పరికరం ఉంటుంది. కటింగ్ ప్లయర్ జోలికి వెళ్లొద్దు. లెన్స్ ముందు గాజు మీద సన్నటి గీత ఒకటి పడిందని ఏడవక్కర్లేదు, ఫోటోలో దాదాపు కనపడదు. వెనక గాజు మీద గీత పడితేనే ఆలోచించాలి, అది సెన్సారుకి దగ్గర కాబట్టి ఫోటోలో తెలుస్తుంది.

కెమెరాతో పాటు వచ్చిన కిట్ లెన్స్ మౌంట్ దగ్గర విరిగింది. లెన్స్ పారేయాలా?

18-55 లాంటి చౌక కిట్ లెన్స్‌లకి చాలావాటికి మౌంట్ ప్లాస్టిక్. పడినప్పుడు ఆ మూడు చెవుల్లో ఒకటి విరుగుతుంది, నిజం చెప్పాలంటే అది మంచిదే, లెన్స్ చెవి విరిగి బాడీ మౌంట్‌ని కాపాడింది. ఆ మౌంట్ రింగ్ విడిగా దొరుకుతుంది, మార్చొచ్చు. సెకండ్ హ్యాండ్‌లో అదే లెన్స్ ఎంతకి వస్తుందో కనుక్కుని అప్పుడు నిర్ణయించుకోండి. విరిగిన ముక్క మాత్రం బాడీ లోపల పడిందేమో చూసేదాకా షట్టర్ నొక్కొద్దు. బాడీ మూతి కిందికి పెట్టి బ్లోయర్ కొట్టండి, పట్టకారు లోపల పెట్టి వెతకొద్దు.

చిన్న కాంపాక్ట్ కెమెరా. లెన్స్ బయటికి వచ్చి అక్కడే ఆగిపోయింది, లెన్స్ ఎర్రర్ అంటోంది.

పడేటప్పుడు ఆన్‌లో ఉండి లెన్స్ బయటికి ఉంటే ఇదే జరుగుతుంది. లోపల ఒకదాంట్లో ఒకటి దూరే గొట్టాలు, వాటిని తిప్పే చిన్న ప్లాస్టిక్ పళ్ల చక్రాలు ఉంటాయి, దెబ్బకి గొట్టం గాడి తప్పుతుంది. నెట్‌లో బల్ల మీద కొట్టమని, చేత్తో లోపలికి తొయ్యమని సలహాలు ఉంటాయి. వద్దండి, ఆ పళ్లు అరిగితే ఇక మొత్తం లెన్స్ యూనిట్ మార్చాలి. బ్యాటరీ తీసి కాసేపు ఉంచి, గొట్టాల సందుల్లో బ్లోయర్ కొట్టి, నిండుగా ఛార్జ్ అయిన బ్యాటరీ వేసి ఒక్కసారి ప్రయత్నించండి. రాకపోతే ఇక పదే పదే ఆన్ చెయ్యకండి.

బీచ్‌లో ఇసుకలో పడితే ఆ ఒక్కసారి కూడా వద్దు. వైజాగ్ ఆర్కే బీచ్‌లో అయినా, సూర్యలంకలో అయినా, ఇసుక రేణువు ఒకటి చాలు ఆ గొట్టం కరకరలాడ్డానికి.

యూట్యూబ్ చూసి ఇంట్లో విప్పొచ్చా?

విప్పొద్దు. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఫ్లాష్. కెమెరాలో ఫ్లాష్ ఉంటే దానికో కెపాసిటర్ ఉంటుంది, దాదాపు 300 వోల్టుల ఛార్జ్ దాచుకుంటుంది, బ్యాటరీ తీసినా అది వెంటనే పోదు. వేలు తగిలితే గట్టి షాకే. చేతిలో స్క్రూడ్రైవర్ ఉన్న పిల్లలు ఇంట్లో ఉంటే పాత చెడిపోయిన కెమెరాని కూడా ఆడుకోవడానికి ఇవ్వకండి.

నీళ్లలో పడింది. బియ్యం డబ్బాలో పెట్టమంటున్నారు?

బియ్యం వద్దు. బియ్యానికి ఉండే పిండి, దుమ్ము, తవుడు బటన్ల సందుల్లోకి, లెన్స్ గొట్టంలోకి వెళ్తాయి, పైగా తేమ లాగడంలో బియ్యం గొప్పదేం కాదు. బ్యాటరీ, కార్డు తీసెయ్యండి, తలుపులన్నీ తెరిచి పెట్టండి, పైన తడి మెత్తటి గుడ్డతో అద్దండి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి రెండు మూడు రోజులు వదిలెయ్యండి. హెయిర్ డ్రయ్యర్ పెట్టొద్దు, మేడ మీద ఎండలో పెట్టొద్దు, వేడికి జిగురు వదులుతుంది, నీటి ఆవిరి ఇంకా లోపలికి పోతుంది.

ఇదంతా వాననీళ్లకి, కుళాయి నీళ్లకి. సముద్రపు నీళ్లయితే లెక్కే వేరు, ఉప్పు సర్క్యూట్ మీద ఎండిపోయిందంటే తినేస్తూనే ఉంటుంది. ఆరబెడుతూ కూర్చోకుండా బ్యాటరీ తీసేసి అదే రోజు సర్వీసుకి పరిగెత్తండి. కొబ్బరినీళ్లు, కూల్‌డ్రింకు, టీ కూడా అంతే, ఆరాక జిగట మిగులుతుంది.

ఫోటోలు పోతాయా?

సాధారణంగా పోవు. ఎస్డీ కార్డులో కదిలే భాగాలు లేవు, కెమెరా పచ్చడి అయినా కార్డు బతికే ఉంటుంది. రాస్తుండగా పడితే ఆఖరి ఫోటోనో వీడియోనో పాడవ్వొచ్చు. కార్డు తీసి రీడర్‌లో పెట్టి ముందు అన్నీ కాపీ చేసుకోండి, కెమెరా బాగుందో లేదో పరీక్షించడానికి అదే కార్డు వాడకండి. కంప్యూటర్ "ఫార్మాట్ చెయ్యాలి" అని అడిగితే వద్దని నొక్కండి. ఫోటోరెక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దాంతో చాలావరకు బయటికి తీయొచ్చు, కాకపోతే తీసినవి వేరే డ్రైవులో దాచండి, అదే కార్డులో కాదు.

టేబుల్ మీద నుంచే కదా పడింది, ఇంత ఎలా పాడైంది?

ఎత్తు కన్నా ముఖ్యం కింద ఏముంది అన్నది. మీటరున్నర ఎత్తులో, అంటే మెడ దగ్గర నుంచి జారితే, నేలని తాకేసరికి గంటకి 19 కిలోమీటర్ల పైచిలుకు వేగం ఉంటుంది, పట్టేది అర సెకను, అందుకే చేత్తో అందుకోలేం. ఆ వేగం ఎంత దూరంలో ఆగింది అన్నదే అసలు లెక్క. కడప బండల మీదో గ్రానైట్ మీదో పడితే మిల్లీమీటరులో ఆగాలి, అప్పుడు కెమెరా తన బరువుకి సుమారు 1500 రెట్లు దెబ్బ తింటుంది. అదే బ్యాగులో ఫోమ్ ఒక సెంటీమీటరు నొక్కుకుపోయిందనుకోండి, దెబ్బ 150 రెట్లకి దిగుతుంది. ఒక్క సెంటీమీటరు ఫోమ్‌కే పదో వంతు! బ్యాగు కొనేటప్పుడు అడుగు భాగం వేలితో నొక్కి చూడమని నేను అందరికీ చెప్పేది ఇందుకే, పక్కలు మెత్తగా పెట్టి అడుగున ఒట్టి గుడ్డ కుట్టేవి చాలా ఉన్నాయి.

అసలు పడకుండా ఏం చెయ్యాలి?

కెమెరా ఫోటో తీస్తుంటే పడేది తక్కువ, అప్పుడు మన ధ్యాసంతా దాని మీదే ఉంటుంది. బ్యాగులోంచి తీసేటప్పుడు, పెట్టేటప్పుడు, లెన్స్ మార్చేటప్పుడు, పక్కవాళ్లకి "ఒకటి తియ్యవా బావా" అని ఇచ్చేటప్పుడు పడుతుంది. కాబట్టి అలవాట్లు అక్కడ మార్చుకోవాలి. బ్యాగులోంచి తియ్యకముందే స్ట్రాప్ మెడలోనో మణికట్టుకో పడాలి, పెట్టాక చివర్న తియ్యాలి. జిప్పు సగం వేసి వదలొద్దు, మీకు గుర్తుంటుంది గానీ ఇంట్లో మీ చెల్లెలు బ్యాగు ఎత్తితే తనకేం తెలుసు. ఇంకొకళ్లకి ఇస్తుంటే ముందు వాళ్ల మెడలో స్ట్రాప్ వేసి తర్వాత కెమెరా వదలండి, పెద్దవాళ్లయినా మొహమాటపడొద్దు. బల్ల మీద పెడితే స్ట్రాప్ కిందికి వేలాడనివ్వొద్దు, పాకే పిల్లలకి అది భలే అందుతుంది. లెన్స్ మార్చాలంటే నేల మీద కూర్చుని ఒళ్లో పెట్టుకుని మార్చండి.

స్ట్రాప్ ఎక్కించడం కూడా చాలామంది తప్పుగా ఎక్కిస్తారు. కొస బకిల్‌లోంచి తిరిగి వచ్చి, పట్టీ కిందికి వెళ్లి, కనీసం రెండు అంగుళాలు మిగలాలి. రెండు చేతులా గట్టిగా లాగి చూడండి. కెమెరా అడుగున ట్రైపాడ్ రంధ్రానికి బిగించే స్లింగ్ (భుజానికి అడ్డంగా వేసుకునే పట్టీ) వాడితే ఆ పావంగుళం స్క్రూ నడుస్తుంటే మెల్లగా వదులవుతుంది, గుర్తొచ్చినప్పుడల్లా వేలితో తిప్పి చూసుకోవాలి.

ట్రైపాడ్ మీద ఉంటే సేఫే కదా?

ట్రైపాడ్ మీద నుంచి పడితేనే ఎక్కువ పాడవుతుంది, ఎత్తూ ఎక్కువ, లెన్స్ ముందుకి వాలి పడుతుంది. మూడు కాళ్లలో ఒకటి లెన్స్ వైపుకి ఉండాలి. నడిమి గొట్టం ఎత్తడం ఆఖరి మార్గం. కెమెరా అడుగున ఉండే ప్లేటు ట్రైపాడ్‌లో టక్‌మన్నాక కూడా కెమెరాని పైకి లాగి చూడాలి. గాలిలో అయితే బ్యాగుని ట్రైపాడ్ కింద ఉండే కొక్కానికి తగిలించండి, నేలకి కొంచెం ఆనేలా, లేకపోతే అదే ఊగి పడేస్తుంది. బరువైన టెలి లెన్స్ ఉంటే బాడీని కాదు లెన్స్ కాలర్‌ని (లెన్స్ చుట్టూ ఉండే పట్టీ) బిగించాలి.

పెళ్లిలో షూట్ చేస్తుంటే ప్రత్యేకంగా జాగ్రత్తలు?

ఉన్నాయి, బోలెడు. జీలకర్ర బెల్లం వేళకి వేదిక చుట్టూ చుట్టాలు తోసుకుంటూ వస్తారు, ఆ టైములో ట్రైపాడ్ వేదిక మీద ఉండకూడదు, చేత్తోనే తియ్యాలి. మంగళస్నానం షూట్‌లో చేతులకి నూనె, సున్నిపిండి అంటుతుంది, జేబులో పొడి గుడ్డ పెట్టుకుని కెమెరా పట్టుకునే ముందు తుడుచుకోండి. లైట్ల వైర్లకి టేపు వెయ్యమని లైట్ల కుర్రాడికి ముందే చెప్పండి, చెప్పి వదిలెయ్యకుండా వేశాడో లేదో చూడండి.

తలంబ్రాలు అసలు సంగతి. పసుపు కలిపిన బియ్యం గుప్పిళ్లతో పోస్తుంటే మనం దగ్గరగా వైడ్ లెన్స్‌తో తీస్తాం కదా, ఒక గింజ జూమ్ రింగ్ సందులో ఇరుక్కుంటుంది. చేతికి జూమ్ బిగుసుకున్నట్టు తెలుస్తుంది. బలంగా తిప్పితే గింజ నలిగి పిండై లోపలికి పోతుంది. వెనక్కి తిప్పి, లెన్స్ కిందికి వంచి, పుల్లతో కాకుండా బ్లోయర్‌తో తియ్యండి. ఆ ఘట్టంలో ఫ్లాష్ సందులకి, కార్డు మూతకి పైనుంచి సన్నటి పేపర్ టేపు ఒకటి అంటించుకుంటే హాయి.

ఫిల్టర్ మంచిదా, హుడ్ మంచిదా?

పడ్డప్పుడు కాపాడేది హుడ్, అంటే లెన్స్ ముందు అంచుకి తగిలించే తొడుగు. ప్లాస్టిక్ హుడ్ వంగి, విరిగి దెబ్బ మింగేస్తుంది. ఫిల్టర్ గాజు పల్చన, లెన్స్ గాజు కన్నా ముందే పగులుతుంది, పగిలిన ముక్కలు లెన్స్ మీదే పడతాయి. సముద్రం తుంపర్లు, దుమ్ము, గులాల్, తలంబ్రాలు, వీటికి ఫిల్టర్ వాడండి, కానీ పడితే కాపాడుతుందని మాత్రం కాదు. హుడ్ తిరగేసి తగిలించుకుని తిరిగేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది, చేతిలో ఉన్న రక్షణని వాడుకోవట్లేదు కదా.

షాక్‌ప్రూఫ్ అని అమ్మే కెమెరాలు నిజంగా పడినా ఏం కావా?

పిల్లలతో తిరిగేవాళ్లకి మంచివే. ఒలింపస్ టఫ్ టీజీ-6 కి 2.1 మీటర్ల నుంచి పడినా, 15 మీటర్ల లోతు నీళ్లలో అయినా తట్టుకుంటుందని రేటింగ్ ఉంది, నికాన్ కూల్‌పిక్స్ డబ్ల్యూ300 కి 2.4 మీటర్లు, 30 మీటర్ల లోతు. కానీ కింద సన్న అక్షరాలు చదవండి, నికాన్ పరీక్షలో పడేసింది 5 సెంటీమీటర్ల మందం ప్లైవుడ్ మీద. మన ఇళ్లలో బండలు ప్లైవుడ్ కాదు. ఒకసారి గట్టిగా పడ్డాక నీళ్లలోకి దింపేముందు రబ్బరు సీలు, తలుపు గొళ్లెం సరిగ్గా ఉన్నాయో చూడాలి.

బస్సులో, రైల్లో, విమానంలో?

బస్సులో పైన అరలో వద్దు, ఒళ్లో పెట్టుకోండి. రైల్లో పై బెర్తు మీద తలవైపు, గోడకి ఆనించి. బైకు మీద వెనక క్యారేజీకి కట్టొద్దు, అదురుకి స్క్రూలు వదులవుతాయి, వీపుకి తగిలించుకోండి. విమానంలో కెమెరా చేతి సామానులోనే, విడి బ్యాటరీలు చెకిన్ బ్యాగులో పెట్టడానికి రూలే ఒప్పుకోదు.

వారంటీ వస్తుందా?

కింద పడ్డ దానికి రాదు. దాచి చెప్పినా లాభం లేదు, విప్పగానే దెబ్బ గుర్తులు వాళ్లకి తెలుస్తాయి, జరిగింది జరిగినట్టు చెప్తే తొందరగా పట్టుకుంటారు. అమెరికా నుంచి అన్నయ్యో అక్కో తెచ్చిన కెమెరా అయితే బాడీ వారంటీ చాలా కంపెనీలకి కొన్న దేశంలోనే చెల్లుతుంది, తెప్పించుకునే ముందే అడగండి. సంపాదన దాని మీదే అయితే ఇన్సూరెన్స్ తీసుకోండి, ప్రమాదవశాత్తు పడితే వర్తిస్తుందా అని పాలసీలో రాతపూర్వకంగా చూసుకోండి. బిల్లు, సీరియల్ నంబరు ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి. పడ్డ వెంటనే ఫోటోలు తీసి కంపెనీకి చెప్పాలి, రిపేరు చేయించాక చెప్తే ఒప్పుకోరు.

సర్వీస్ సెంటరా, లోకల్ షాపా?

లెన్స్ లోపల గాజు జరిగినా, సెన్సారు, మౌంట్ వంగినా సర్వీస్ సెంటరే, సరిచూసే పరికరాలు వాళ్ల దగ్గరుంటాయి. ఫిల్టర్ రింగ్, స్క్రీన్ అద్దం, రబ్బరు గ్రిప్పు లాంటివి హైదరాబాద్ కోఠి వైపు షాపుల్లో చేతి పని బాగా తెలిసినవాళ్లు చేస్తారు. ఎక్కడిచ్చినా కార్డు, బ్యాటరీ, స్ట్రాప్ మీ దగ్గర ఉంచుకుని ఇవ్వండి, ఎస్టిమేట్ చెప్పాకే పని మొదలుపెట్టమనండి, మార్చిన పాత పార్టు తిరిగి అడగండి. మసకగా వచ్చిన న్యూస్‌పేపర్ ఫోటో ఫోన్‌లో చూపిస్తే పది మాటల పని ఒక్క నిమిషంలో అవుతుంది.

అద్దెకి తెచ్చిన కెమెరా పడింది, చెప్పకుండా ఇచ్చెయ్యొచ్చా?

వద్దు. రేపు ఇంకొకరి పెళ్లికి అదే లెన్స్ వెళ్తుంది, ఆ ఫోటోలు మళ్లీ తియ్యలేరు. తీసుకునేటప్పుడే అన్ని వైపులా ఫోటోలు తీసి ఓనరుకి పంపండి, పడితే వెంటనే ఫోన్ చెయ్యండి.

సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నా. ఇదివరకు పడిందో లేదో ఎలా కనిపెట్టాలి?

ముందు లెన్స్ ఫిల్టర్ మరల మీద వేలు తిప్పండి, సొట్ట వేలికి తెలుస్తుంది. ఒక కొత్త ఫిల్టర్ మీతో తీసుకెళ్లి తిప్పి చూడండి, మధ్యలో పట్టేస్తే పడిందనే. బాడీ మూలల్లో రంగు పోయి లోపలి లోహం కనిపించడం, స్క్రూ తలలు చెదిరి ఉండటం, ఫ్లాష్ పెట్టే చోటు వంకరగా ఉండటం చూడండి. సిలికాన్ కవర్ వేసి ఉంటే తీయించి చూడండి, తియ్యనంటే కొనకండి. వాళ్లింటి గోడకే న్యూస్‌పేపర్ అంటించి నాలుగు మూలలూ చూస్తానని ముందే ఫోన్‌లో చెప్పి వెళ్లండి.